జకూజీలో ఘాటు వాసన శుభ్రతకు గుర్తు కాదు

సంపాదకులకు,

విశాఖలో రుషికొండ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెంట ఉన్న రిసార్టుల్లో, మధురవాడ, ఎండాడ వైపు లేచిన అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో జకూజీ, అంటే బుడగలు కొట్టే వేడినీళ్ళ తొట్టె, ఇప్పుడు వింత కాదు. దాని దగ్గరికి వెళ్ళగానే ముక్కుకు ఘాటు తగులుతుంది. "క్లోరిన్ బాగా వేశారు, ఇంక భయం లేదు" అనుకుని పిల్లల్ని కూడా దించుతారు. నీటి శుద్ధి పని చేసేవాళ్ళం కనుక ఈ ఒక్క నమ్మకం మీద మాట్లాడటం మా బాధ్యత అనిపించింది. ఆ ఘాటు మంచి క్లోరిన్‌ది కాదు. ఒంటి మురికితో కలిసి చెడిపోయిన క్లోరిన్‌ది. సరైన మోతాదులో క్లోరిన్ ఉండి, మురికి లేని నీళ్ళకు వాసన దాదాపు తెలియదు.

చెమటలోనూ మూత్రంలోనూ యూరియా, అమ్మోనియా లాంటి నత్రజని పదార్థాలు ఉంటాయి. నీటిలో వేసిన క్లోరిన్ వాటిని పట్టుకుని క్లోరమైన్లుగా మారుతుంది. వీటిలో మూడు రకాలు. మోనో, డై అనేవి చాలావరకు నీటిలోనే ఉండి కళ్ళనూ చర్మాన్నీ మండిస్తాయి. మూడోది ట్రైక్లోరమైన్. ఇది నీటిలో నిలవదు, గాలిలోకి లేస్తుంది. జకూజీలో బుడగలు కొడుతున్నంతసేపూ దాన్ని నీటిలోంచి బయటికి తోస్తూనే ఉంటాయి. తొట్టెలో మెడ దాకా మునిగి కూర్చున్న మనిషి ముక్కు నీటికి జానెడు ఎత్తున ఉంటుంది. అంటే ఆ వాయువు ఎక్కడ చిక్కగా ఉంటుందో సరిగ్గా అక్కడే ఊపిరి పీలుస్తున్నాడు. కళ్ళు ఎర్రబడటం, గొంతు గీరుకుపోవడం, ఆగని పొడి దగ్గు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు పిల్లికూతలు, ఇవన్నీ దాని పనే. ఆరుబయట ఉన్న తొట్టె అయితే సముద్రపు గాలి కొంత మేలు చేస్తుంది. ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన క్లబ్‌హౌసు గదిలో ఆ గాలి పోయే దారే లేదు. ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప కొత్త గాలి తేదు. బయటికి గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా గాలి వచ్చే కిటికీ లేని గదిలో జకూజీ పెట్టకూడదు.

ఈత కొలనులో ఇంత ఇబ్బంది లేదు కదా, ఇక్కడెందుకు అంటే లెక్క చూడాలి. మామూలు జకూజీలో 1,500 లీటర్ల నీళ్ళు పడతాయి. నలుగురు దిగితే ఒక్కొక్కరికి 375 లీటర్లు. 25 మీటర్ల ఈత కొలనులో సుమారు నాలుగున్నర లక్షల లీటర్లుంటాయి. అక్కడ ఇదే ఇరుకు రావాలంటే ఒకేసారి 1,200 మంది దిగాలి. దానికి తోడు నీళ్ళు 38, 40 డిగ్రీల వేడిలో ఉంటాయి. వేడికి చెమట ధారగా కారుతుంది, నీళ్ళలో కూర్చున్నందువల్ల ఆ సంగతి మనకు తెలియదు. వేడికీ బుడగలకూ క్లోరిన్ తొందరగా ఆవిరైపోతుంది. పొద్దున వేసిన మందు సాయంత్రం ముగ్గురు దిగి లేచేసరికి ఖాళీ. అందుకని ఈత కొలను చూసుకునే మనిషికే జకూజీ కూడా అప్పజెప్పి, రోజుకొకసారి మందు వేయమంటే సరిపోదు. జనం వాడుతున్న తొట్టెకు కనీసం రెండు గంటలకొకసారి పరీక్ష కావాలి.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. తలకు కొబ్బరినూనె, ఒంటికి పౌడరు, పిల్లలకు ఏదో ఒక లోషన్, వాటితోనే తొట్టెలో దిగుతాం. సముద్రంలో ఆడి, ఇసుక కాళ్ళతో, ఉప్పు బట్టలతో సరాసరి జకూజీలోకి వచ్చేవాళ్ళు బీచ్ రిసార్టుల్లో ఎక్కువ. వీటన్నిటినీ కాల్చడానికే క్లోరిన్ ఖర్చయిపోతుంది, క్రిముల కోసం మిగలదు. నూనె తొట్టె అంచున జిడ్డు వరసగా పట్టి, పైపుల లోపల పాకుడు పొరకు మేత అవుతుంది. ఆ పాకుడులో దాక్కున్న క్రిమిని మామూలు మోతాదు క్లోరిన్ చేరలేదు. దిగే ముందు సబ్బుతో స్నానం చేయడం, తలకు షాంపూ పెట్టుకోవడం కేవలం మర్యాద కోసం కాదు. నిమిషం పాటు ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నా నీటిలోకి వెళ్ళే మురికిలో పెద్ద వంతు తగ్గిపోతుంది. స్నానాల గది జకూజీకి ఎదురుగా, దారిలోనే ఉంటే జనం వాడతారు. బట్టలు మార్చుకునే చోట మూల ఉంటే వాడరు.

ఇక అంకెలు. జకూజీలో విడి క్లోరిన్, అంటే ఇంకా దేనితోనూ కలవకుండా పనికొచ్చే స్థితిలో ఉన్న క్లోరిన్, కనీసం 3 పీపీఎం ఉండాలి. పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. 10 దాటితే ఎవరూ దిగకూడదు. క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడే తొట్టెలో అది 4 నుంచి 8 పీపీఎం ఉండాలి. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.2 నుంచి 7.8 మధ్య. వేడి 40 డిగ్రీలు మించరాదు. మొత్తం క్లోరిన్‌లోంచి విడి క్లోరిన్ తీసేస్తే మిగిలేది చెడిపోయిన క్లోరిన్. అది 0.4 దాటిందంటే ఏదో ఒకటి చేయక తప్పదు.

వీటిలో పీహెచ్‌ను ఎక్కువమంది పట్టించుకోరు. నీటిలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. క్రిమిని చంపే చురుకైన రూపం హైపోక్లోరస్ ఆమ్లం, మందకొడి రూపం హైపోక్లోరైట్. పీహెచ్ 7.5 దగ్గర అవి దాదాపు సగం సగం. పీహెచ్ 8కి చేరేసరికి చురుకైనది పావు వంతే మిగులుతుంది. పరీక్ష కిట్‌లో 3 పీపీఎం చూపిస్తున్నా పని చేసేది ముక్కాలు పీపీఎం. మన బోరు నీళ్ళలో చాలా చోట్ల క్షారగుణం, గట్టిదనం రెండూ ఎక్కువ. పైగా బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేసి పీహెచ్‌ను పైకి నెడతాయి. అందుకే జకూజీలో పీహెచ్ ఎప్పుడూ ఎక్కే వైపే ఉంటుంది. దాన్ని దించడానికి యాసిడ్ ఎక్కువ పోస్తే 7 కిందికి దిగి కళ్ళు మండుతాయి, హీటరులోని రాగి కరిగి నీటిలోకి వస్తుంది. తెల్లజుట్టుకూ లేతరంగు జుట్టుకూ పట్టే పచ్చరంగు క్లోరిన్‌ది కాదు, ఈ రాగిది.

పరీక్ష ఎలా చేస్తున్నారన్నదీ ముఖ్యమే. చాలా చోట్ల పసుపు రంగు వచ్చే ఓటీఓ చుక్కల కిట్ ఉంటుంది. అది మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది. చెడిపోయిన క్లోరిన్ నిండా ఉన్న తొట్టెలో కూడా ముచ్చటైన పసుపు వస్తుంది, చూసిన మనిషి నిశ్చింతగా వెళ్ళిపోతాడు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ వాడాలి. ఒకటో నంబరు బిళ్ళ విడి క్లోరిన్‌ను, దానిలోనే మూడో నంబరు బిళ్ళ కూడా కలిపితే మొత్తం క్లోరిన్‌ను చెబుతుంది. రెండిటి తేడాలోనే అసలు సంగతి ఉంది. అయితే డీపీడీకి కూడా ఒక మోసం ఉంది, అది తెలియకే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన గులాబీ రంగును ఆ క్లోరినే తెల్లగా చేసేస్తుంది. గొట్టంలో నీళ్ళు తేటగా కనిపిస్తాయి. క్లోరిన్ అసలు లేదనుకుని ఇంకో గరిటె వేస్తారు. బిళ్ళ పడగానే ఒక్క క్షణం గులాబీ మెరిసి మాయమైతే అది సున్నా కాదు, అతి. అనుమానం వస్తే తొట్టె నీళ్ళు ఒక వంతు, క్లోరిన్ లేని డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది వంతులు కలిపి మళ్ళీ పరీక్షించి, వచ్చిన అంకెను పదితో గుణించాలి. నమూనా తీసేటప్పుడు నీళ్ళు తోసే జెట్టు ముందు కాకుండా, మోచేయి లోతు నుంచి తీయాలి.

మోతాదు విషయంలో చారెడు, గుప్పెడు లెక్కలు ఇక్కడ పనికిరావు. బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, 1,500 లీటర్ల తొట్టెను సున్నా నుంచి 3 పీపీఎంకు తేవడానికి 14 గ్రాములు చాలు. 65 శాతం ఉండే కాల్షియం హైపోక్లోరైట్ అయితే 7 గ్రాములు. పది శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే వాడుకలో హైపో, అయితే 45 మిల్లీలీటర్లు. గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ 50 గ్రాములు తూగిందనుకుందాం. అది ఒక్క దెబ్బకు 11 పీపీఎం. తూకం వేసే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు వంటింటి సామాను కొట్లో దొరుకుతుంది. జకూజీ ఉన్న చోట అది లేకపోవడం క్షమించరానిది.

బ్లీచింగ్ పౌడర్ ఈ పనికి తగిన సరుకు కాదని మా అభిప్రాయం. సున్నం అడుగున పేరుకుంటుంది, హీటరు మీద పెచ్చులు కడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, మన తీరపు తేమలో విప్పిన సంచి బలం వారాల్లోనే పడిపోతుంది. సంచి మీద 33 శాతం అనే రాసి ఉంటుంది, లోపల సగం కూడా ఉండకపోవచ్చు. ఒకరోజు పాత సంచి, మరునాడు కొత్త సంచి అదే కొలతతో వేస్తే ఒకరోజు క్రిములు, మరునాడు చర్మం మంట. హైపో ద్రావణానిదీ ఇదే కథ. ఎండ తగిలే చోట, డాబా మీద పెట్టిన డబ్బా ఎండాకాలంలో చప్పబడిపోతుంది. నీడలో, చల్లగా, కొద్దికొద్దిగా తెప్పించుకోవాలి.

నెమ్మదిగా కరిగే టీసీసీఏ బిళ్ళలు, తొందరగా కరిగే డైక్లోర్ పొడి ఇంకో తరగతి క్లోరిన్ మందులు. వీటిలో క్లోరిన్‌తో పాటు సైన్యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా అది కాపాడుతుంది, ఆరుబయట ఈత కొలనుకు అది మేలే. కానీ క్లోరిన్‌ను పట్టి ఉంచడమంటే దాని పనిని మందగించడం కూడా. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఈ ఆమ్లం పోదు, నీళ్ళు పారబోసేదాకా పోగవుతూనే ఉంటుంది. డైక్లోర్‌తో రోజుకు 3 పీపీఎం చొప్పున వేస్తే నెల తిరిగేసరికి 80 పీపీఎం సైన్యూరిక్ ఆమ్లం చేరుతుంది. అప్పుడు కిట్‌లో అంకె బాగానే ఉంటుంది, క్రిములు మాత్రం చావవు. వేడినీళ్ళ తొట్టెలో వీటిని వాడొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పడానికి కారణం ఇదే.

బ్రోమిన్ గురించి కొద్దిగా. దాని చెడిపోయిన రూపాలు కూడా క్రిములను చంపుతాయి, వాసన తక్కువ, పీహెచ్ పెరిగినా అంతగా డీలాపడదు. అందుకే వేడి తొట్టెలకు చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ బ్రోమిన్ బిళ్ళలు కొందరికి చర్మం మీద ఎలర్జీ తెస్తాయి. ఒకసారి ఒళ్ళు ఓర్వలేకపోతే తర్వాత తక్కువ మోతాదుకే దద్దుర్లు లేస్తాయి. ఆపైన ఆ తొట్టె మానుకోవడమే మందు. పేరుకున్న మురికిని ఒకేసారి కాల్చడానికి, క్లోరిన్ లేని షాక్ పొడిగా అమ్మే మోనోపర్‌సల్ఫేట్‌తోనూ అలాంటి ఎలర్జీ రావచ్చు. పైగా అది డీపీడీ పరీక్షలో చెడిపోయిన క్లోరిన్ లాగే కనిపించి లెక్క తారుమారు చేస్తుంది.

తీరం వెంబడి బోర్లున్న రిసార్టులకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. సముద్రం చొచ్చుకొచ్చి ఉప్పగా మారిన బోరు నీటిలో దానిలో కొంత వంతు ఉంటుంది. ఆ నీటిలో క్లోరిన్ వేస్తే అది బ్రోమైడ్‌ను బ్రోమిన్‌గా మారుస్తుంది. అంటే మనం క్లోరిన్ తొట్టె అనుకుంటున్నది తెలియకుండానే బ్రోమిన్ తొట్టె అవుతుంది. ఒంటి మురికితో కలిసినప్పుడు క్లోరోఫాం, బ్రోమోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు ఎలాగూ పుడతాయి. బ్రోమైడ్ ఉన్న నీటిలో బ్రోమిన్ రకాలు ఎక్కువ పుడతాయి. ఇవి ఊపిరితోనూ చర్మం గుండానూ ఒంట్లోకి వెళ్తాయి, నీళ్ళు వేడిగా ఉంటే ఇంకా తేలికగా వెళ్తాయి. ఎప్పుడో ఒకసారి పావుగంట కూర్చున్నవారు దీనికి బెంగపడనక్కర్లేదు. రోజూ కూర్చునేవారు, రోజంతా అక్కడే పని చేసేవారు ఆలోచించాలి. ఉప్పు బోరు బదులు కార్పొరేషన్ కుళాయి నీరో, ఆర్వో నీరో నింపడం దీనికి సూటి పరిష్కారం. 1,500 లీటర్లే కదా, పెద్ద ఖర్చు కాదు.

చెడిపోయిన క్లోరిన్ ఎక్కువైనప్పుడు దానికి పదింతల క్లోరిన్ ఒకేసారి వేసి కాల్చేయడం పుస్తకాల్లో ఉన్న పద్ధతి. 0.5 పీపీఎం ఉంటే 5 పీపీఎం, అంటే మన తొట్టెకు కాల్షియం హైపోక్లోరైట్ 11, 12 గ్రాములు. మూత తీసి, బుడగలు ఆడించి, మనుషుల్ని దూరంగా ఉంచి, విడి క్లోరిన్ మళ్ళీ దిగేదాకా ఆగాలి. అయితే ఒంటి మురికి నుంచి వచ్చే కొన్ని సమ్మేళనాలు ఇలా కూడా విరగవు. ఇంత చిన్న తొట్టెకు నీళ్ళు మార్చడమే మేలైన వైద్యం. ఎన్నాళ్ళకు మార్చాలో తెలియడానికి తేలికైన లెక్క ఉంది. తొట్టె లీటర్లను 11తో భాగించి, వచ్చినదాన్ని రోజుకు దిగేవారి సంఖ్యతో మళ్ళీ భాగించాలి. 1,500 లీటర్లకు రోజుకు పదిమంది అయితే 13 రోజులు. శని, ఆదివారాల్లో ముప్పై, నలభై మంది దిగే రిసార్టులో మూడు, నాలుగు రోజులే. నెలకొకసారి మారుస్తున్నామని గొప్పగా చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. మార్చేటప్పుడు నీళ్ళు వదిలేసి ఊరుకోకుండా, తొట్టె గోడలు రుద్ది, ఫిల్టరు కార్ట్రిడ్జిని కడిగి లేదా మార్చి, పైపుల్లోని పాకుడును వదిలించే మందు తిప్పాకే కొత్త నీళ్ళు నింపాలి.

మందు తక్కువైతే ఏమవుతుందో చెప్పకపోతే, క్లోరిన్ మానేయడమే మంచిదని ఎవరైనా అనుకోవచ్చు. అది ఇంకా ప్రమాదం. 25 నుంచి 45 డిగ్రీల వేడిలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. బుడగలు చిందించే సన్నని తుంపరతో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్‌స్పెల్ పూల ప్రదర్శనలో, అమ్మకానికి చూపించిన బుడగల తొట్టె నుంచి అది వ్యాపించి 30 మందికి పైగా చనిపోయారు. జబ్బు సోకడానికి అలాంటి తొట్టెలో దిగనక్కర్లేదు, పక్కనుంచి నడిచి వెళ్ళినా చాలు. జకూజీ వాడిన రెండు వారాల లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అమాక్సిసిలిన్ లాంటి మందులు ఈ క్రిమి మీద పనిచేయవు, వేరే యాంటీబయాటిక్ కావాలి. తెలియక రోజులు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఒంటి మీద దద్దుర్లు వచ్చినప్పుడు మందు వల్లా, క్రిమి వల్లా అన్న సందేహం చాలామందికి వస్తుంది. రసాయనం వల్ల అయితే సాధారణంగా గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో మొదలై, నీటిలో మునిగిన ఒళ్ళంతా పొడిబారి దురద పెడుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల అయితే కొద్ది గంటల నుంచి ఐదు రోజుల లోపు ఎర్రటి పొక్కులు లేస్తాయి. కొన్నిటి కొసన చీము ఉంటుంది. తడి బట్ట ఒంటికి అంటుకుని ఉన్న చోట అవి గుంపుగా ఉంటాయి. చాలావరకు వారం, పది రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. మధుమేహం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు మాత్రం ఆగకుండా చూపించుకోవాలి. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఆ తొట్టె మూయించాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది తొట్టెలో కూర్చునే అతిథి కాదు, మందు వేసే కుర్రాడు. అతనికి ఈ రసాయనాల పేర్లు కూడా ఎవరూ సరిగా చెప్పరు. తెల్లపొడి, నీలం డబ్బా, యాసిడ్ డబ్బా, అంతే. హైపోలోనో బ్లీచింగ్ పౌడర్‌లోనో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పీహెచ్ దించే యాసిడ్‌కూ, బాత్రూములు కడిగే యాసిడ్‌కూ ఇందులో తేడా లేదు. ఒకే బకెట్‌లో ముందు దాన్ని, కడగకుండా తర్వాత దీన్ని కలిపితే చాలు. టీసీసీఏ బిళ్ళలూ కాల్షియం హైపోక్లోరైటూ కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ఒక డబ్బాలో వాడిన తడి గరిటెను రెండో డబ్బాలో ముంచడమే ఇలాంటి ప్రమాదాలకు మామూలు కారణం. ప్రతి మందుకూ వేరే బకెట్, వేరే గరిటె, రంగు గుర్తులతో ఉండాలి. యాసిడ్ ఒక మూల, క్లోరిన్ సరుకు ఇంకో మూల కాదు, వేర్వేరు గదుల్లో ఉండాలి. పొడిలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలో పొడి వేయాలి. యాసిడ్‌కూ ఇదే నియమం. రబ్బరు గ్లవుజులు, కళ్ళకు మూసి ఉండే అద్దాలు తప్పనిసరి. మూతికి కట్టుకున్న తువ్వాలు పొడి దుమ్మును కొంత ఆపుతుందేమో, వాయువును ఆపదు.

కరెంటు పోయి వచ్చే మన ఊళ్ళో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. హైపో, యాసిడ్ రెండిటినీ చిన్న పంపులతో పైపులోకి ఎక్కించే యంత్రాలు పెద్ద తొట్టెలకు పెడుతున్నారు. నీళ్ళు తిప్పే పెద్ద పంపు ఆగినా ఈ చిన్న పంపులు ఇంకో లైను మీదో, ఇన్వర్టరు మీదో ఆడుతూ ఉంటే, కదలని నీటిలో హైపో, యాసిడ్ చిక్కగా కలిసి పైపు లోపల క్లోరిన్ వాయువు నిండుతుంది. కరెంటు వచ్చి పెద్ద పంపు తిరగగానే అదంతా జెట్ల గుండా, తొట్టెలో కూర్చున్నవారి మొహాల మీదికి ఒక్కసారిగా వస్తుంది. పెద్ద పంపు ఆగితే, నీటి ప్రవాహం లేకపోతే, మందు పంపులు తమంతట ఆగిపోయేలా ఎలక్ట్రీషియన్ చేత ఇంటర్‌లాక్ పెట్టించాలి. అది ఉన్నా సరే, పంపు ఆగి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు తొట్టెలోంచి అందరినీ లేపి, కొన్ని నిమిషాలు ఆడించి, వాసన చూసుకున్నాకే దించాలి. యాసిడ్ గొట్టం, హైపో గొట్టం పక్కపక్కనే బిగించకూడదు.

క్లోరిన్ వాయువు గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. పచ్చని పసుపుగా నేలబారున పాకుతుంది. బరువైన ఆవిరి నిద్రపోతున్న వీధుల్లో ఎలా పాకుతుందో 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ చూపించింది, ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. లీకైతే గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్ళాలి. పంపులు ఉండే సెల్లారులోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదు. మందు పడ్డ బట్టలు విప్పేసి, ఒంటి మీద నీళ్ళు పోయాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడగాలి. పాలు, నిమ్మరసం, వెన్న పూయడం వద్దు. మింగితే వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేసి ఏ మందో డబ్బా పేరు చదివి చెప్పాలి. వాయువు పీల్చి, దగ్గు తగ్గి బాగానే ఉన్నాడనిపించిన మనిషికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో ఆ రాత్రి కనిపెట్టి ఉండటం అవసరం.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఈ వేడికి దూరంగా ఉండాలి. ఐదేళ్ళ లోపు పిల్లల్ని దించకూడదు. వాళ్ళ ఒళ్ళు తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు మింగుతారు కూడా. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి. మద్యం తాగి దిగడం మునిగిపోవడానికి దారి. మిగతావారికి పది, పదిహేను నిమిషాలు చాలు. తల ముంచవద్దు, నీళ్ళు నోట్లోకి పోనివ్వవద్దు. మూత వేసి ఉన్న తొట్టె తెరవగానే అందులో కూడిన వాయువు మొహానికి కొడుతుంది కాబట్టి, తీసి పది నిమిషాలు ఆగి దిగాలి. క్లోరిన్ పరీక్షించే కాగితపు పట్టీల డబ్బా ఆన్‌లైన్లో దొరుకుతుంది. సంచిలో ఒకటి వేసుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు.

ఈత కొలను నీటి నాణ్యతకు మన దేశంలో ఐఎస్ 3328 ప్రమాణం ఉంది. దాన్నీ, వేడి తొట్టెకు కావలసిన పై అంకెలనూ కలిపి, మా కోరిక ఒక్కటే. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ ప్రజారోగ్య విభాగం, పర్యాటక శాఖ, అపార్టుమెంట్ల సంఘాలు కలిసి, ప్రతి జకూజీ పక్కన ఒక తెల్లబోర్డు తప్పనిసరి చేయాలి. దాని మీద తేదీ, సమయం, విడి క్లోరిన్, మొత్తం క్లోరిన్, పీహెచ్, నీటి వేడి, చివరిసారి నీళ్ళు మార్చిన రోజు, పరీక్ష చేసినవారి సంతకం ఉండాలి. రెండు గంటల కన్నా పాత అంకె ఉన్నా, బోర్డు ఖాళీగా ఉన్నా ఆ తొట్టె మూసి ఉన్నట్టే లెక్క అని కింద రాయాలి. మార్కరు పెన్ను, డీపీడీ కిట్, చిన్న త్రాసు, ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక కుటుంబం రిసార్టులో ఒక రాత్రికి కట్టే అద్దె కన్నా తక్కువ.

ఇట్లు,
నీటి శుద్ధి, ఈత కొలనుల నిర్వహణ పనిలో ఉన్న కొందరు సాంకేతిక ఉద్యోగులు,
విశాఖపట్నం